ఇంట్లో గొడవ రాకుండా ఉప్పు తగ్గించుకోవడం ఎలా

మా ఇంట్లో ఉప్పు తగ్గించే కార్యక్రమం మొదటిసారి ఒక్క పూటలోనే ఫెయిలైంది. నాన్నకి బీపీ ఎక్కువుందని డాక్టర్ చెప్పిన మర్నాడే నేను పట్టుదలకి పోయి కూరలో ఉప్పు సగానికి సగం కోసేశాను. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టుకున్నారు, అంతే. నేను తగ్గించినదానికంటే ఆయన పైన చల్లుకున్నదే ఎక్కువ ఉండుంటుంది ఆ రోజు. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది, ఆ చూపు అందరి ఇళ్లలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి వర్ణించక్కర్లేదు. రెండోసారి మాత్రం ఎవరికీ చెప్పకుండా, కొలత పెట్టుకుని, దాదాపు మూడు నెలలు తీసుకుని చేశాను, ఎవరూ కనిపెట్టలేదు. ఆ రెండోసారి ఏం చేశానో అదే వరసలో రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కిడ్నీ జబ్బో, గుండె బలహీనతో ఉన్నవాళ్లు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకుంటున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఉప్పు సంగతి ముట్టుకోవద్దు. లిథియం మందు వాడేవాళ్లు మరీ జాగ్రత్త, ఉప్పు హఠాత్తుగా తగ్గిస్తే ఆ మందు ఒంట్లోంచి బయటికి పోవడం తగ్గి రక్తంలో పేరుకుంటుంది. ఎండలో రోజంతా చెమటోడ్చి పనిచేసేవాళ్ల లెక్క కూడా వేరే. మిగతా అందరికీ కిందిదంతా వర్తిస్తుంది.

ముందు ప్యాకెట్ మీద తేదీ రాయండి

"మేం ఉప్పు తక్కువే తింటాం" అని ప్రతి ఇంట్లోనూ అంటారు, మేమూ అనేవాళ్లం. నిజమేంటో తేలాలంటే కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాసి పెట్టండి, అయిపోయిన రోజు మళ్లీ రాయండి. ప్యాకెట్‌లో ఎన్ని గ్రాములుందో దాన్ని రోజుల సంఖ్యతో, తర్వాత ఇంట్లో తినేవాళ్ల సంఖ్యతో భాగిస్తే మనిషికి రోజుకి ఎంత పడుతోందో వస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పిల్లలకి అంతకంటే తక్కువ. అదే సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సగటున ఒక్కో పెద్దమనిషి తింటున్నది 10.8 గ్రాములు, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. నలుగురున్న ఇంట్లో 1 కిలో ప్యాకెట్ 50 రోజులు వస్తే లెక్క సరిగ్గా 5 గ్రాములకి వస్తుంది. మాకు 27 రోజులకే అయిపోయింది! అంటే మనిషికి 9 గ్రాముల పైనే, అదీ బయట తిన్నది, బిస్కెట్లలో, బ్రెడ్డులో వచ్చింది కలపకుండా.

ఈ లెక్కలో కొంచెం అటూ ఇటూ ఉంటుంది. కూరగాయలు కడగడానికో, వార్చి పారబోసే నీళ్లలోనో వేసిన ఉప్పు కడుపులోకి వెళ్లదు, అలాంటిది మీ ఇంట్లో ఎక్కువైతే ఆ మేరకు తీసేయండి. కచ్చితంగా తెలియాలంటే 24 గంటల మూత్రం సేకరించి అందులో సోడియం (ఉప్పులో బీపీని పెంచే భాగం) కొలిచే పరీక్ష ఉంది గానీ ఇంటి అవసరానికి ప్యాకెట్ లెక్క చాలు. ఒక నెల ఓపిక పట్టాలి, అంతే. ఆ నెలలో ఏమీ తగ్గించకండి, మామూలుగా ఎలా వండుతారో అలాగే వండండి. తగ్గిస్తూ కొలిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

రోజు ఉప్పు పొద్దున్నే వేరే డబ్బాలోకి

ఇదే అసలు కిటుకు. మామూలుగా మనం ఉప్పుని చేతి అంచనాతో వేస్తాం, ఆ చెయ్యి ఇరవై ఏళ్లుగా ఒకే కొలతకి అలవాటు పడిపోయి ఉంటుంది, "ఈ రోజు తక్కువ వేస్తాను" అనుకున్నా తెలియకుండానే పాత చోటికే వెళ్తుంది. అందుకని చెయ్యిని నమ్మొద్దు. ఒక చిన్న డబ్బా తీసుకుని, పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఆ రోజుకి కావలసిన ఉప్పు అందులో వేసి పెట్టుకోండి, రోజంతా ఏ వంటకైనా అందులోంచే తీయాలి, పెద్ద డబ్బా మాత్రం చేతికందని చోట పెట్టేయాలి. పైన అరలో అంటే నిజంగా పైన, స్టూలు వేసుకుంటే గానీ అందనంత పైన.

మా మొదటి రోజు డబ్బాలో 36 గ్రాములు వేశాను, అంటే అప్పటిదాకా తింటున్నంతా. ఒక్క గ్రాము కూడా తగ్గించలేదు. పది రోజులకి 34 చేశాను. ఇంకో పది రోజులకి 32. ఇలా పది రోజులకో 2 గ్రాములు, మొత్తం ఎనిమిది మెట్లు దిగితే 20కి వచ్చాం, 80 రోజులు పట్టింది. ఏ మెట్టులోనూ తగ్గింపు పదో వంతు దాటలేదు, అందుకే నాలుక పసిగట్టలేదు. మధ్యలో పండగలూ చుట్టాలూ వచ్చి రెండు మూడు రోజులు లెక్క తప్పినా కంగారు పడక్కర్లేదు, మళ్లీ అదే మెట్టు మీద ఇంకో వారం ఉండండి, వెనక్కి మాత్రం ఎక్కకండి.

వంటింటి తూకం మిషన్ లేనివాళ్లు చెంచాతో చేయొచ్చు. 5 మిల్లీలీటర్ల టీస్పూన్‌లో మెత్తని ఉప్పు సమంగా కొలిస్తే దాదాపు 6 గ్రాములు పడుతుంది. సమంగా అంటే చాకు వీపుతో పైన గీసి మిగతాది రాల్చేయాలి, ఎందుకంటే గోపురంలా నింపిన చెంచాకీ గీసిన చెంచాకీ తేడా ఒకటిన్నర రెట్లు కూడా ఉండొచ్చు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇన్నాళ్లూ గోపురం చెంచా వేసి, ఇవాళ్టి నుంచి హఠాత్తుగా గీసిన చెంచాకి మారితే అదే పెద్ద కోత, ఇంట్లో అందరికీ ఠక్కున తెలిసిపోతుంది. ముందు మీరు వేసే గోపురాలు గీసిన చెంచాల్లో ఎన్నవుతాయో చూసుకుని, అక్కడ మొదలుపెట్టి, పావు చెంచా చొప్పున దిగండి. ఇంకో సంగతి, కల్లుప్పు రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాలో బరువు తక్కువ పడుతుంది. కల్లుప్పు నుంచి మెత్తని ఉప్పుకి మారి చెంచా లెక్క మాత్రం పాతదే ఉంచితే తగ్గించడం మాట అటుంచి, పెంచినట్టవుతుంది.

ఉప్పు ఎప్పుడు వేస్తున్నారో చూసుకోండి

డబ్బాలో ఉన్నది తక్కువైనప్పుడు దాన్ని ఎక్కడ ఖర్చు పెడుతున్నామనేది ముఖ్యం, జీతం లాంటిదే ఇదీ. నీళ్లు ఎక్కువగా ఉన్న వంటకంలో మొదట్లోనే రుచి చూసి ఉప్పు సరిపెడితే, మరిగి మరిగి మూడో వంతు నీరు ఇగిరిపోయేసరికి అదే ఉప్పు తక్కువ నీళ్లలో మిగిలి ఉప్పగా అయిపోతుంది. కాబట్టి పొయ్యి మీద దగ్గరపడే వంటలకి చివర్లో వేయండి. గట్టి గింజలు, దుంపలు ఉడికించేటప్పుడు మాత్రం కొంచెం ముందే వేయాలి, లేకపోతే పైన ఉప్పగా, లోపల చప్పగా ఉంటుంది, తినేవాళ్లు వెంటనే "ఉప్పు లేదు" అంటారు.

పొడి వంటకాలకి ఇంకో పద్ధతి. ఉడికించిన గుడ్డుని రెండుగా కోసి, చిటికెడు ఉప్పు వేళ్ల మధ్య నలిపి పైన చల్లి తిని చూడండి, తర్వాత అంతే ఉప్పుని గుడ్డు మెత్తగా చిదిమి అందులో కలిపి చూడండి. మొదటిదే ఎక్కువ ఉప్పగా అనిపిస్తుంది. నాలుకకి ముందు తగిలేది పైనున్న ఉప్పే కదా, లోపల కలిసిపోయింది నమిలేలోపే గొంతు దిగిపోతుంది. కాబట్టి వేపుడు ముక్కలు, సలాడ్, ఉడికించిన కూరగాయలు లాంటివాటికి లోపల కలపకుండా, దించాక పైన మెత్తని ఉప్పు కొద్దిగా చల్లితే తక్కువతో పని అయిపోతుంది. ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా కరిగి రుచి తెలుస్తుంది.

రుచి చూడడం కూడా చల్లారాకే. సలసల మరుగుతున్నది గరిటతో తీసి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని నాలుక మీద వేసుకుంటే కాలడమే తప్ప రుచి తెలియదు, తెలియక ఇంకో చిటికెడు పడుతుంది. ఒక చిన్న గిన్నెలోకి తీసి రెండు నిమిషాలు ఆగండి.

ఖాళీ అయిన చోట ఏదో ఒకటి పెట్టాలి

ఉప్పు తన రుచి ఇవ్వడమే కాకుండా చేదుని కప్పేస్తుంది. ఉప్పు తగ్గగానే కొన్ని కూరగాయలు ఉన్నట్టుండి చేదుగా, వగరుగా అనిపించడానికి కారణం ఇదే, వంట చెడిపోయిందని అనుకోవద్దు. ఈ లోటు పూడ్చడానికి అన్నిటికంటే బాగా పనిచేసేది పులుపు. దించే ముందు కాస్త నిమ్మరసం పిండితే అరచెంచా ఉప్పు తక్కువైన సంగతి మరుగున పడిపోతుంది. టమాటా మెత్తగా ఉడికి దగ్గరపడితే దానిలో సహజంగా ఉన్న గ్లుటామేట్ వల్ల కూడా రుచి నిండుగా వస్తుంది, పుట్టగొడుగులదీ అదే గుణం. వెల్లుల్లి, మిరియాలు, ఉల్లిపాయ ఎర్రగా వేయించినప్పుడు వచ్చే వాసన, తాజా ఆకులు, ఇవన్నీ సాయం వస్తాయి. కారం మాత్రం ఇష్టమొచ్చినట్టు పెంచేసి ఉప్పుకి బదులు అనుకోకండి, కారం ఎక్కువైతే దానికి తగ్గట్టు ఉప్పు కూడా అడుగుతారు. (ఇది శాస్త్రం కాదు, మా ఇంట్లో నేను చూసింది.)

అన్ని వంటల్లోనూ సమానంగా కోయాల్సిన పనీ లేదు. ఇంట్లో ఒక వంటకం ఉంటుంది, దాని మీద చెయ్యి వేస్తే యుద్ధమే. దాన్ని వదిలేయండి, మిగతావాటిలో తగ్గించండి.

డబ్బాలో కనపడని ఉప్పు

వంటింట్లో ఇంత కష్టపడి, సాయంత్రం చిప్స్ ప్యాకెట్ విప్పితే ఏం లాభం. కానీ చిప్స్ సంగతి అందరికీ తెలుసు, నాలుకకే తెలుస్తుంది. తెలియకుండా వచ్చేవి వేరే ఉన్నాయి: బ్రెడ్డు, బిస్కెట్లు, చీజ్, సాస్‌లు, సూప్ పొడులు, ఇన్‌స్టంట్ నూడుల్స్. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది, అంటే రోజు మొత్తానికి ఉండాల్సిన 2 గ్రాముల సోడియంలో సగానికి దగ్గర. వంటసోడా తినడానికి ఉప్పగా ఉండదు గానీ ఒక టీస్పూన్‌లో 1,200 మిల్లీగ్రాముల పైనే సోడియం. నీళ్లలో వేస్తే బుస్సున పొంగే మాత్రలు కొన్నిటిలో ఒక్కోదానికి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు తలనొప్పికి అవి రోజూ వేసుకుంటుంటే డాక్టర్‌కి చెప్పాలి.

ప్యాకెట్ల మీద ఉప్పు అని కాకుండా సోడియం అని రాస్తారు చాలాసార్లు, ఆ అంకె చిన్నగా కనపడి మనల్ని పడేస్తుంది. సోడియంని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 2 గ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు. కొనేటప్పుడు వెనక్కి తిప్పి 100 గ్రాములకి ఎంత అన్న గడి చూడండి, "ఒక సర్వింగ్‌కి" అన్న గడి వద్దు, ఎందుకంటే సర్వింగ్ ఎంతో వాళ్లిష్టం, మనం ఎప్పుడూ అంతకంటే ఎక్కువే తింటాం. 100 గ్రాములకి 120 మిల్లీగ్రాముల లోపు సోడియం ఉంటే తక్కువున్నట్టు, 600 దాటితే ఎక్కువున్నట్టు. ఒకే రకం బ్రెడ్డులో రెండు కంపెనీల మధ్య తేడా చూస్తే ఆశ్చర్యపోతారు, రుచిలో మాత్రం ఏమీ తెలియదు. ఇక డబ్బాల్లో నిలవ ఉంచిన ఉడికిన గింజలైతే ఆ నీళ్లు వంపేసి కుళాయి కింద ఒకసారి కడగండి, సోడియం మూడో వంతుకు పైగా పోతుంది.

ఊరగాయలు ఉప్పుతోనే నిలవుంటాయి కాబట్టి వాటిలో ఉప్పు తగ్గించే ప్రయోగాలు చేయకండి, బూజు పడుతుంది. తినే పరిమాణం తగ్గించుకోవడమే మార్గం.

గులాబీ ఉప్పు, పొటాషియం ఉప్పు

గులాబీ రంగుదైనా, నల్లదైనా, సముద్రంలోంచి వచ్చిందైనా దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. అందులో ఉన్న ఇతర ఖనిజాలు మనం తినే కొద్దిపాటి ఉప్పులో లెక్కలోకి రానంత తక్కువ. పైగా వాటిలో చాలావాటికి అయోడిన్ కలిపి ఉండదు. ఉప్పు తగ్గించినా, తినేది అయోడిన్ కలిపినదే తినండి, థైరాయిడ్‌కి అది కావాలి.

పొటాషియం కలిపిన ఉప్పు సంగతి వేరు, అది నిజంగా పనికొచ్చేది. చైనా పల్లెల్లో దాదాపు 21,000 మంది మీద చేసి 2021లో వెలువరించిన ఒక పెద్ద అధ్యయనంలో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో, మామూలు ఉప్పు వాడినవాళ్లతో పోలిస్తే, పక్షవాతాలు 14 శాతం తక్కువగా వచ్చాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పుని సూచించింది, అయితే కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకీ గర్భిణులకీ పిల్లలకీ ఆ సూచన వర్తించదని చెప్పింది. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే పొటాషియం రక్తంలో పెరిగి గుండె లయ దెబ్బతింటుంది. కొన్ని బీపీ మాత్రలు కూడా ఒంట్లో పొటాషియం పెంచుతాయి. ఇంట్లో అందరూ ఒకే కుండలోది తింటారు కదా, ఒక్కరికి కిడ్నీ తేడా ఉన్నా అందరి వంటలోనూ ఈ ఉప్పు వద్దు. మేం ఈ కారణంగానే దాని జోలికి పోలేదు.

మనుషులతో ఎలా

పెద్దవాళ్లు "ఉప్పు చాలలేదు" అన్నప్పుడు మొండితనం అనుకోకండి. వయసుతో రుచి, వాసన మందగిస్తాయి, కొన్ని మందులకి నోరు ఎండిపోతుంది, వాళ్లకి నిజంగానే చప్పగా ఉంటుంది. తిండే తగ్గించేస్తే అది ఇంకా పెద్ద సమస్య, అప్పుడు ఒక మెట్టు వెనక్కి వెళ్లినా తప్పులేదు. భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా తీసేయడం కంటే దాని చిల్లులు తగ్గించడం నయం. నేను నాన్న డబ్బా మూతకి లోపల టేపు అంటించి సగం చిల్లులు మూసేశాను. ఆయన అన్నిసార్లే దులుపుతారు, పడేది సగం. ఈ ముక్క చదివితే నన్ను ఏమంటారో తెలియదు.

ఇంట్లో పది పన్నెండేళ్ల పిల్లలుంటే ఉప్పు డబ్బా తూకం వాళ్లకి అప్పగించండి. చైనాలో బడిపిల్లలకి ఉప్పు గురించి పాఠాలు చెప్పి ఇంటికి పంపిస్తే, ఆ ఇళ్లలో పెద్దవాళ్లు తినే ఉప్పు దాదాపు నాలుగో వంతు తగ్గిందని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. మనం చెబితే సాధింపులా ఉంటుంది, అదే మనవరాలు "తాతా, ఇవాళ్టి కోటా అయిపోయింది" అంటే నవ్వి ఊరుకుంటారు.

పనిచేస్తోందో లేదో

బీపీ మిషన్ ఉంటే వారానికి రెండు రోజులు, ఒకే సమయానికి చూడండి. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, పాదాలు రెండూ నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి, మాట్లాడకుండా. అరగంట ముందు కాఫీ వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. ఒక్క రోజు అంకె చూసి సంబరపడొద్దు, టెన్షన్ పడొద్దు, బాగా తగ్గింది కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

5 గ్రాములకి చేరలేకపోతే చేసినదంతా వృథా అనే భయం కూడా అక్కర్లేదు. అమెరికాలో 2001లో వెలువడిన డాష్ సోడియం అధ్యయనంలో 412 మందికి మూడు స్థాయుల్లో సోడియం ఉన్న భోజనం, ఒక్కో స్థాయి నెల రోజులు పెట్టి చూశారు. పై మెట్టు నుంచి మధ్య మెట్టుకి దిగినప్పుడూ బీపీ తగ్గింది, మధ్య నుంచి కిందికి దిగినప్పుడూ తగ్గింది. బీపీ లేనివాళ్లలోనూ తగ్గింది. 10 నుంచి 8కి వచ్చి ఆగిపోయినా, ఆ రెండు గ్రాములకి తగిన ఫలితం ఉంటుంది.

మిషన్ లేనివాళ్లకి ఇంకో గుర్తుంది. రెండు నెలలయ్యాక ఎప్పుడైనా బయట తిన్నప్పుడు ఇంట్లోవాళ్ల మొహాలు చూడండి. నాన్న ఒక పెళ్లి భోజనంలో రెండో ముద్దకే నీళ్లు తాగి "వంటవాడు ఉప్పు చెయ్యి జారేశాడు" అన్నారు. నాకైతే అది ఎప్పటి పెళ్లి భోజనం ఉప్పే అనిపించింది.

చివరగా, ఇంత లెక్కలోనూ ఏదో ఒక రోజు చెయ్యి జారి కూర ఉప్పు కషాయం అవుతుంది. అప్పుడు బంగాళాదుంప ముక్క వేస్తే ఉప్పంతా పీల్చేస్తుందంటారు. అది ఉప్పు నీళ్లని పీల్చుకుంటుంది తప్ప మిగిలిన పులుసులో ఉప్పు శాతం అలాగే ఉంటుంది. ఉప్పు లేకుండా ఉడికించిన కూరగాయలో, గింజలో, నీళ్లో కలిపి మొత్తం పెంచడం ఒక్కటే దారి. పెరిగినదాంట్లో సగం వెంటనే పక్కకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేయండి, రేపు డబ్బాలో ఆ మేరకి ఉప్పు తగ్గించి వేసుకోండి.